తలలోని నీటిజాడ

అనంతపురం వాసులకు భూమిలో నీటిజాడ వెదకడం కొత్త కాదు. మిత్రులారా, ఎం.ఆర్.ఐ. యంత్రమూ నీటినే వెదుకుతుంది, మన మెదడులో. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను అయస్కాంతంతో ఒద్దికగా నిలిపి, రేడియో తరంగంతో కదిపి, అవి పలికే బదులును చిత్రంగా మలుస్తుంది.

ఆసుపత్రులలో సాధారణంగా 1.5 లేక 3 టెస్లాల అయస్కాంతం ఉంటుంది. ఫ్రాన్సులోని సాక్లేలో 132 టన్నుల అయస్కాంతంతో, 11.7 టెస్లాల బలంతో తీసిన మానవ మెదడు తొలి చిత్రాలు 2024లో వెలువడ్డాయి. బలంతోపాటు చిక్కూ పెరుగుతుంది: రేడియో తరంగం పొడవు తలకన్నా కురచై, సగమే తడిసిన మడివలె చిత్రంలో చీకటి మిగులుతుంది. ఇంజనీర్లు పలు యాంటెన్నాలను విడివిడిగా నడిపి, పెక్కు తూముల నీటిని సరిపుచ్చే రైతులవలె ఆ కొరతను తగ్గించారు.

మతిమరుపు ముదిరిన నా సహధర్మచారిణి చిత్రం చూసి వైద్యులు, మెదడు కుంచించుకుపోయిందన్నారు. అది బావి ఎండినాక తెలిసిన వార్త. ఊట తగ్గుతున్నప్పుడే చెప్పగల చూపు రేపటివారికైనా దక్కాలని నా ఆశ.