మాట వినబడని చోటు

ఇంటి పెద్దలకు వేళకు అన్నము పెట్టుట, మందు లందించుట, మంచి పక్క వేయుట, ఇంతటితో కోడలి ధర్మము తీరునని మేము చిరకాలము తలంచితిమి. అది చాలదని మాకు తెలియజేసినది సికింద్రాబాదులోని యొక చాయ్ హోటలు. ఆ వృత్తాంతమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యిది వ్రాయుచున్నాము.

జంటనగరములలో ఇరానీ హోటళ్ల నెరుగనివా రుండరు. ఇరాను దేశమునుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చి యిచ్చట స్థిరపడిన కుటుంబములు వీనిని నెలకొల్పినవి. వీధులు కలియు మూలకు తెరచిన వాకిళ్లు, చలువరాతి పలకల బల్లలు, వంచిన కర్రతో చేసిన కుర్చీలు, గోడలకు పెద్ద యద్దములు వీని గురుతులు. డికాషను నొక పాత్రలో మూతపెట్టి సన్నని సెగపై మ్రగ్గనిత్తురు. పాలను వేరొక పాత్రలో చిక్కబడువరకు కాతురు. రెండును కప్పులోనే కలియును. తోడుగా నిచ్చు ఉస్మానియా బిస్కత్తునకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరే పేరు. అయితే చాయ్‌కన్న, బిస్కత్తుకన్న విలువగల దొకటి యచ్చట దొరకుచుండెను. ఒక్క కప్పుతో గంటసేపు కూర్చున్నను లెమ్మనువారు లేరు.

మా మామగారు రైల్వే కచేరిలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొనినవారు. ఉద్యోగమున చేరిన నాటినుండియు వారి కొక హోటలు అలవాటు. అత్తగారు గతించిన పిదప వా రింట మాటలాడుట తగ్గించిరి. కాని ప్రతి ఆదివారము ఉదయము మావారును మేమును వెంటబెట్టుకొని పోయి ఆ హోటలులో లోపలి బల్లకడ కూర్చుండబెట్టినంతనే వారి నోరు విచ్చుకొనెడిది. చాయ్‌ను సాసరులో పోసి యూదుకొనుచు వారు రైళ్ల కథలు చెప్పెడివారు. ఆ తరువాత మాకు పరీక్ష. మేము బడిలో చదివినది స్వల్పము; మా తండ్రిగారు ఇంటనే భారత భాగవతములును, ప్రబంధములును చెప్పిరి. అది యెరిగి మామగారు వారమున కొక పద్యము నడిగెడివారు. గజేంద్రమోక్షములోని పద్యమునకు మేమొక యర్థము చెప్పిన వారొక యర్థము చెప్పెడివారు. మావారు లెక్కల మాస్టరు గావున ఏ పక్షమునకును తీర్పు చెప్పక సమోసా తినుచుండెడివారు.

గత సంవత్సరము గల్లాపెట్టె కడ పెద్దాయనకు మారుగా ఆయన కుమారుడు కూర్చుండెను. నెల తిరుగకమునుపే అద్దములపైన రెండు పెద్ద స్పీకర్లు వెలసినవి. మునుపును అచ్చట పాట లేకపోలేదు. మూలనున్న రేడియో సన్నగా పాడుచు, మా మాటలకు తంబురా శ్రుతివలె నుండెడిది. ఇప్పుడు శ్రుతియే గానమును మ్రింగినట్లయ్యెను. మావారు తమ సెల్‌ఫోనుతో ఉజ్జాయింపుగా కొలిచి 80 డెసిబెల్లని చెప్పిరి. సామాన్యముగా మనము మాటలాడుకొను ధ్వని యించుమించు 60. ఇరువదియే గదా హెచ్చినది యని మేమంటిమి. ఆ లెక్కలో ప్రతి పదికిని ధ్వనిశక్తి పది రెట్లగునట. అనగా ఇరువదికి నూరు రెట్లు! పైగా చప్పుడులో మనుష్యుడు తనకు తెలియకయే గొంతు హెచ్చించును. ఫ్రెంచి వైద్యుడు లొంబార్డు 1911లోనే దీనిని గూర్చి ప్రకటించెను. పాటకుమించి మేమును, మాకుమించి ప్రక్క బల్లవారును అరచుకొనుచుంటిమి.

ఒక ఆదివారము మేము బయలుదేరు వేళ మా యన్నగారికి శస్త్రచికిత్స చేయవలెనని ఫోను వచ్చెను. ఆ వార్తను హోటలులో కూర్చున్న పిదప మామగారికి చెప్పితిమి. వారు మా ముఖము చూచి చిరునవ్వుతో, "చాల సంతోషమమ్మాయీ!" అనిరి. మేము నిశ్చేష్టులమైతిమి. మా కన్నులు చూచి వారికి పొరపాటు తెలిసెను. వారేమియు ననక, చెవిలోని యంత్రమును తీసి జేబులో వేసికొనిరి. మరుసటి ఆదివారము మోకాలు నొప్పి యనిరి. ఆపై వారము నిద్ర పట్టలేదనిరి. పిదప మేము పిలుచుట మానితిమి.

చెవివైద్యుని యొద్దకు తీసికొనిపోగా నాయన విషయము విప్పిచెప్పెను. వార్ధక్యమున సన్నని ధ్వనులు ముందుగా తగ్గును. అచ్చులు వినబడుచునే యుండును. స, త, క వంటి హల్లులు జారిపోవును. చెవియంత్రము మాటతోపాటు చుట్టునున్న చప్పుడును హెచ్చించును. కావున నిశ్శబ్దమైన గదిలో చక్కగా వినువారు సైతము సద్దులో వినలేరు. పద్యమున ప్రాస నిలుచునది హల్లుమీదనే గదా! హల్లులు పోయిన పిదప వారికి మా పద్యములలో మిగిలిన దేమి?

ప్రభుత్వమువారు 2000వ సంవత్సరమున చేసిన నిబంధనలలో పగటివేళ వాణిజ్య ప్రాంతములకు 65, నివాస ప్రాంతములకు 55 డెసిబెల్లని హద్దులు గలవు. హోటలు లోపల ఒక వృద్ధుడు మాట వినుటకు హద్దెంతయో ఏ చట్టమును చెప్పదు. అది మనుష్యులు మనుష్యులతో చెప్పుకొనవలసిన మాట. అందుచేత జనము పలుచగానున్న ఒక మధ్యాహ్నము మేమే పోయి గల్లాపెట్టె కడ నిలిచితిమి.

అతడు మర్యాదగానే వినెను. "అమ్మా, పాట లేనిచోట కుర్రవాళ్లు కూర్చుండరు. అద్దె హెచ్చినది, పాలవెల హెచ్చినది. ఒక్క చాయ్‌తో గంటసేపు కూర్చున్నచో మాకేమి మిగులును?" అనెను. అందులో అసత్యము లేదు. ఆదివారము తొమ్మిది గంటలవరకు లోపలి బల్లపైనున్న స్పీకరు నొక్కదానిని ఆపిన చాలునని కోరితిమి. అతడు కొంత యోచించి సరేయనెను. తరువాత నవ్వుచు, "ఇండ్లలో మాత్రము సద్దు లేదా, అమ్మా?" అనెను.

ఆ మాట మా వెంట ఇంటికి వచ్చినది. ఆ రాత్రి మేము వడ్డించుచు చెవి యొగ్గితిమి. టీవీలో ఇరువురు కలహించుచుండిరి. పెద్దవాని సెల్‌ఫోను పాడుచుండెను. వంటింట మిక్సీ తిరుగుచుండెను, దానిని తిప్పినది మేమే. ఆ నడుమ మామగారు తలవంచుకొని భోజనము చేయుచుండిరి. వారు మితభాషులైనది అత్తగారు పోయిన దుఃఖముచేత ననుకొంటిమి. కొంత నిజమే కావచ్చును. కాని మే మింట మాట వినబడు చోటు మిగుల్చకుంటిమి. హోటలులో ఆ యొక్క గంటయే వారికి దక్కినది; అదియు పోగా, దోషమంతయు హోటలుపై మోపితిమి.

మరునాటినుండి రాత్రి భోజనము ముగియువరకు టీవీయు, ఫోనులును మూసితిమి. పచ్చడి పగలే రుబ్బితిమి. రెండు దినములు పిల్లలు ముఖములు మాడ్చుకొనిరి. ఆ రెండు దినములును మామగారేమియు పలుకలేదు. చెవియంత్రము జేబులోనే యున్నది. మూడవనాడు మజ్జిగ పోయుచుండగా వారు జేబు తడవి, దానిని తీసి చెవిలో పెట్టుకొని, "అమ్మాయీ, ఆ గజేంద్రుని పద్యమునకు నీవు చెప్పిన యర్థమే సరియని తోచుచున్నది" అనిరి.

ఇప్పుడు ఆదివారములు మరల హోటలునకు పోవుచున్నాము. స్పీకరు ఆపుట ఒక్కొక్కప్పుడు ఆ కుర్రవాడు మరచును. అప్పుడు మేము చేయెత్తుదుము. అతడు నాలుక కరచుకొని మీట త్రిప్పును.