సైంటిస్టు పోయి డేటా సైంటిస్టు వచ్చె..

మొన్న సంక్రాంతికి వెళ్తే నిడుబ్రోలు స్టేషన్లో దిగీ దిగగానే మా బాబాయ్ ఎదురుపడ్డాడు. (తెలియనివాళ్ళ కోసం: పొన్నూరు వెళ్ళాలంటే రైలు దిగాల్సింది నిడుబ్రోలులోనే. ఊరు పేరు మాది, స్టేషను పేరు వాళ్ళది. ఈ పేచీ ఇప్పట్లో తేలేది కాదు.) నా చేతిలో బ్యాగు లాక్కుంటూ ఏటా అడిగే ప్రశ్నే మళ్ళీ అడిగాడు. "ఏరా అబ్బాయ్, సైంటిస్టువై ఏదో కనిపెడతావనుకుంటే నువ్వు కూడా సాఫ్టువేరేనంట గదా? ఆమాత్రం దానికి అంత చదువెందుకురా?"

అమ్మకి ఈ బాధ లేదు. ఉద్యోగం పేరులో 'సైంటిస్టు' ఉంది కాబట్టి పక్కింటివాళ్ళకి ఆ ముక్క వరకే చెప్పి ఊరుకుంటుంది :-)

అసలు సంగతి చెబుతా. 2008లో ఫిజిక్సులో ఎమ్మెస్సీ అయ్యాక నా స్నేహితులంతా అమీర్‌పేట కోచింగులకి పోతే నేను పీహెచ్‌డీలో చేరా. పదార్థం మీద లేజర్ వేసి వెనక్కొచ్చే వెలుగుని చదవడం నా పని. నిజానికి తొంభై పాళ్ళు రొద వడగట్టడమే. 2010లో జేఆర్ఎఫ్ నెలకి పదహారు వేలు. అది నెలనెలా వచ్చుంటే ఈ కథ వేరేగా ఉండేదేమో. మాకు మాత్రం ఐదారు నెలలు ఆగి ఒకేసారి వచ్చేది. మధ్యలో నాన్న పంపేవాడు, వరి కోశాక మాగాణిలో చల్లిన మినుములు అమ్మి. నా వయసువాళ్ళు ఇళ్ళకి డబ్బు పంపుతుంటే నేను ఇంటి నుంచి తెప్పించుకునేవాణ్ణి.

థీసిస్ ఇచ్చాక ఊరొచ్చినప్పుడు చూశా, నాన్న పేపరుని మరీ మొహానికి ఆనించుకుని చదువుతున్నాడు. శుక్లం. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలని అప్పటికి రెండేళ్ళయిందట. "మినుము చేతికొచ్చాక చేయిద్దాంలే అనుకున్నా" అన్నాడు. ఏ ఏడు మినుమో చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత రెండేళ్ళు జర్మనీలో పోస్ట్ డాక్ చేశా. వెనక్కొచ్చి లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ల కోసం ఏడాది ఎదురుచూశా. 2017లో ఇక చాలనిపించింది. సైన్సు మీద ప్రేమ చచ్చి మారానని ఎవరైనా అనుకుంటే అది తప్పు. డబ్బు కోసమే మారా. ఈ మాట ఇంటర్వ్యూల్లో చెప్పకూడదట, "సమాజం మీద ప్రభావం చూపాలని" అనాలట. నేర్చుకున్నా.

ఈ విషయంలో నాకు ధైర్యమిచ్చింది సి.ఆర్.రావు గారి కథ. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే ఫస్టున పాసయ్యారు. యుద్ధకాలం. సైన్యానికి చెందిన సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అది రాలేదు. అక్కడే ఎవరో చెబితే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది, 1941 జనవరిలో శిక్షణకి చేరారు. లెక్కల మనిషి గణాంకాల్లోకి వచ్చింది ఉద్యోగం దొరక్కే! నాలుగేళ్ళకి, 1945లో, ఆయన రాసిన పేపరు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 2023 ఆగస్టులో నూట రెండేళ్ళ వయసులో పోయారు. ఆయనతో నాకు పోలికేమిటంటారా? ఉద్యోగం దొరకకపోవడం వరకూ ఉంది.

చేరాక మొదటి మూణ్ణెల్లు మాత్రం పరువు పోయింది. ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలు కలపడం నాకు నేర్పింది ఇరవై మూడేళ్ళ కుర్రాడు. వాడు నన్ను "డాక్టర్ గారూ" అని పిలుస్తుంటే వెటకారమో గౌరవమో అర్థమయ్యేది కాదు. రైతులకీ చిన్న వ్యాపారులకీ అప్పులిచ్చే కంపెనీ మాది. ఎవరు ఎగ్గొడతారో ముందే చెప్పాలి. నాకంటే ముందే తయారైన మోడల్ తొంభై ఎనిమిది శాతం సరిగ్గా చెబుతోందని అందరూ సంబరంగా ఉన్నారు. వందలో ఎగ్గొట్టేది ఇద్దరే. 'అందరూ కడతారు' అని గోడ మీద రాసినా తొంభై ఎనిమిది వస్తుంది. ఇంకా లోపలికెళ్తే, వసూలుకి మనిషిని పంపిన తేదీ కూడా మోడల్‌కి ఇచ్చారు. అప్పు ఎగ్గొట్టాకే కదా మనిషిని పంపేది! జవాబు చూపించి ప్రశ్న అడిగినట్టు. ల్యాబులో ఆరేళ్ళు పరికరం అబద్ధమాడుతోందా నిజం చెబుతోందా అని చూసిన కళ్ళకి ఇవి చప్పున కనిపించాయి. చదువు పనికొచ్చిందని నాకు నమ్మకం కలిగింది అక్కడే.

అసలు గొడవ 2022లో. మా జిల్లా మెట్ట ప్రాంతాల పిన్‌కోడ్లలో ఎప్పుడూ సరిగ్గా కట్టేవాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయారు. మోడల్ ఆ పిన్‌కోడ్లకి ఎర్రరంగు పులిమింది. మీటింగులో 'కట్టే ఉద్దేశం లేదు' అన్న మాట వినిపించింది. నాకు కారణం తెలుసు. మా బావది మిరప. 2021 చివర్లో తోటల మీద నల్ల తామర పురుగు పడింది. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద కనిపించిన పురుగు. ఇది నేరుగా పూవులోకే దూరుతుంది. పూత రాలాక కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది? లక్షలు పెట్టిన తోటల్ని దున్నేశారు.

మోడల్‌కి పిన్‌కోడ్ తెలుసు, వయసు తెలుసు, పాత బాకీలు తెలుసు. పురుగు తెలియదు. రావు గారి 1945 పేపరు చెప్పేదీ దగ్గరదగ్గరగా ఇదే. డేటాలో ఉన్న సమాచారానికి ఒక హద్దుంటుంది, ఎంత తెలివైన లెక్కయినా ఆ హద్దు దాటి కచ్చితంగా చెప్పలేదు. ఆ ఒక్క సీజన్ని పక్కనపెట్టి చూడాలని, లేకపోతే వచ్చే ఏడు నిజాయితీగా కట్టేవాడికీ అప్పు పుట్టదని వాదించా. "మీ ఊరివాళ్ళని వెనకేసుకొస్తున్నారా?" అన్నారు నవ్వుతూ. నవ్వుతూనే అన్నారు గానీ గుచ్చుకుంది. ఎందుకంటే కొంత నిజం. మా బావ తోట చూసి ఉండకపోతే నేనూ ఆ ఎర్రరంగునే నమ్మేవాణ్ణేమో. చివరికి పంట నష్టానికి ఒక కాలం చేర్చారు, బరువు మాత్రం నేనడిగినదాంట్లో సగం. పరిశోధనలో అయితే 'ఇంత వరకే చెప్పగలం' అని రాసి పంపేవాణ్ణి. ఇక్కడ ఒక్క అంకె కావాలి, అదీ సాయంత్రంలోగా.

నాన్న రెండో కంటి ఆపరేషన్ 2018లో అయింది, డాక్టరు చెప్పిన వారానికే.

ఇదంతా బాబాయ్‌కి స్కూటర్ మీద వెనక కూర్చుని చెప్పుకొచ్చా. గాలికి ఎంత వినబడిందో తెలీదు. ఇంటి ముందు బండాపి, "సర్లే గానీ, ఈ ఏడు మినుముకి పల్లాకు తెగులు తగుల్తదా లేదా, మీ కంప్యూటరు చెబుతదా?" అన్నాడు.

"మీ చేలో మొక్కలు చూడకుండా చెప్పలేదు బాబాయ్."

"చూస్తే నేనే చెబుతా గదరా" అని బండి స్టాండు వేశాడు.