వదులు

కిటికీ అద్దాలు తుడిచే కర్ర, గొట్టంలో గొట్టం దూరే రకం, మొన్న అమ్మ చేతిలో ఉండగా జారింది. పై గొట్టం దిగొచ్చి ఆవిడ బొటనవేలు నలిగింది. తప్పు నాదే. పట్టు వదులైనప్పుడల్లా క్లాంపు స్క్రూ ఇంకాస్త బిగించి ఊరుకున్నాను. చివరికి ప్లాస్టిక్ చీలింది.

క్లాంపు మారుద్దామని విప్పితే లోపలంతా సన్నటి ఇసుక. లాగినప్పుడల్లా అది గొట్టాన్ని గీరుతూనే ఉంది. క్లాంపు ఎప్పుడూ పట్టే చోట గొట్టం అరిగిపోయింది. కడిగి, ఆరబెట్టి, కొత్తది వేశాను. నూనె రాయలేదు, రాస్తే పట్టూ జారుతుంది, దుమ్మూ అంటుకుంటుంది. అరిగిన చోటు తప్పించి బిగించేలా గీత గీశాను.

ఆఫీసు కోడ్‌లోనూ లోపల చూడకుండా పైపైన బిగించినవి ఎన్నున్నాయో!

కర్ర ఇప్పుడు జారడం లేదు. అమ్మ మాత్రం ఇంకా దాన్ని ముట్టుకోలేదు.