షిల్లాంగులో ఒక సున్నపు గోడ

కార్యాలయపు పనిమీద షిల్లాంగు వెళ్ళిన మా నలుగురికి, మా సంస్థ విశ్రాంతి గృహంగా అద్దెకు తీసుకున్న ఒక పాత ఇంట్లో బస ఏర్పాటయింది. మొదటి రోజు వార్డ్స్ సరస్సు, ఎలిఫెంట్ జలపాతం చూసి వచ్చాము. వాటిని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. మిగిలిన రెండు రోజులూ, పని ముగిసిన వెంటనే మమ్మల్ని తనవద్దకు రప్పించుకున్నది మాత్రం ఆ ఇంటి ఉత్తరపు గోడ.

1897 జూన్ 12న సంభవించిన మహా భూకంపంలో షిల్లాంగులోని రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాత ఇక్కడ తేలికైన ఇళ్ళు వెలిశాయి. కర్ర స్తంభాల నడుమ ఇకరా అనే రెల్లుజాతి తడకలు బిగించి, ఇరువైపులా మట్టి మెత్తి, పైన సున్నం పూస్తారు. మన పల్లెల్లో తడక గోడలు ఎరిగినవారికి ఇది వింత కాదు. సున్నానికీ కొరత లేదు. 18వ శతాబ్దంలో సిల్హెట్టులో కంపెనీ అధికారిగా ఉన్న రాబర్ట్ లిండ్సే ఈ ఖాసీ కొండల సున్నపురాతి వ్యాపారంతోనే ధనవంతుడయ్యాడు.

అటువంటి గోడకు కొన్నేళ్ళ క్రితం మావాళ్ళు అడుగున మూడడుగుల మేర సిమెంటు పూయించారు. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. సిమెంటు దానితోపాటు కదలలేదు. స్తంభం పక్కన బీటవారింది. ఆ సందులో దిగిన వాననీరు మళ్ళీ బయటకు ఆరే దారి లేక కర్రలోనే నిలిచిపోయింది. వృద్ధుడైన మేస్త్రీ స్తంభం మొదట్లో ఉలి ఆనించగా, అది పిడి దాకా దిగిపోయింది! ఆనాటి అంచనాపత్రంపై సంతకం చేసినవారు మా నలుగురిలోనే ఒకరు. ఆయన మాట్లాడలేదు.

ఖాసీల ఆచారం ప్రకారం పుట్టినిల్లు చివరి కుమార్తెకు చెందుతుంది. ఇంటి యజమానురాలు అటువంటి కుమార్తె. "పడగొట్టి కాంక్రీటు ఇల్లు కట్టమని మీ ఆఫీసువారు ఉత్తరం రాశారు. మా అమ్మ నాకు ఈ ఇల్లే ఇచ్చింది. నా కూతురికి నేను ఇవ్వవలసినదీ ఇదే గదా!" అన్నారామె. చివరకు మరమ్మతుకే నిర్ణయమయింది.

సిమెంటును కొద్దికొద్దిగా చెక్కి తీశారు. కుళ్ళిన మేర కోసి, కొత్త కర్ర అతికి, మేకు కొట్టారు. తడక మార్చి, మట్టి మెత్తి ఆరనిచ్చారు. నెలల తరబడి నీటిలో నానిన సున్నపు ముద్ద ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు, తరిగిన జనపనార కలిపి మేస్త్రీ తొక్కించాడు. మా పల్నాటి మిత్రుడు కరక్కాయ, బెల్లపు నీళ్ళ ప్రస్తావన తెచ్చాడు. మేస్త్రీ నవ్వి, "ఇక్కడ బెల్లం టీలోకే, సాబ్," అన్నాడు.

గోడ తడిపి, పలుచగా పూసి, చెక్కబద్దతో అదిమాడు. సన్నని చీలికలు కనిపించినచోట మళ్ళీ రుద్దాడు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. త్వరగా ఎండితే ఆ మార్పు సగంలో ఆగి, పూత పొడిగా రాలుతుంది. అందుకే ముందు తడి గోనెపట్టాలు వేలాడదీశారు. రెండవ పూతకు ఇంకా రోజులు పడుతుంది.

మేము బయలుదేరే ఉదయానికి మొదటి పూత పచ్చిగానే ఉంది. సామాను కారులోకి చేరింది. సంతకం చేసిన ఆ పెద్దమనిషి మాత్రం కనిపించలేదు. వెదకబోతే ఉత్తరపు గోడవద్ద చెంబుతో గోనెపట్టాలు తడుపుతున్నారు.