మేడ మీద ఆఫీసు

2025 జూలై 7, సోమవారం
మేడ మీద గది తయారైంది. పన్నెండు కుర్చీలు, ఇన్వర్టరు, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు. పొద్దుటి నుంచి మెట్లెక్కింది ఇద్దరే. ఒకాయన ఆధార్ జిరాక్స్‌కి. ఇంకొకాయన, "ఇక్కడ ఏటి సెప్తారు బాబూ, కంప్యూటరా, ఇంగ్లీషా?" అన్నాడు. ఏమీ చెప్పం, మీ పని మీరే తెచ్చుకుని చేసుకోవచ్చు అన్నాను. "మన పని మనం సేసుకోడానికి మీకు డబ్బులేటి?" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

కింద నెట్ సెంటరు నడిచిన రోజుల్లో ఎవరికీ ఏదీ వివరించాల్సిన పని ఉండేది కాదు. పదో తరగతి రిజల్ట్స్ వస్తే రోడ్డు మీద దాకా జనం. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, ఆ జనమంతా ఎవరి ఫోన్లోకి వాళ్లు వెళ్లిపోయారు. జిరాక్స్ మెషిన్ మిగిలింది.

జూలై 19, శనివారం
పేపర్లలో పెట్టించిన కరపత్రాలకు ఒక్క ఫోనొచ్చింది. గది పెళ్లివారి విడిదికి ఇస్తారా అని.

మా చోడవరంలో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు లేక కాదు. సాయంత్రాలు ఏ డాబా మీద చూసినా చెవిలో ఇయర్‌ఫోన్స్‌తో అటూ ఇటూ నడిచే కుర్రాళ్లే. వాళ్లెవరో నాకు తెలియదు, కొరియర్ కుర్రాడికి తెలుసు. కంపెనీ లాప్‌టాప్ ఏ గుమ్మంలో దిగిందో అతనే కదా ఇచ్చింది! అడ్రసులు నాకొద్దు, కాగితం మాత్రం చేతికివ్వు అన్నాను. ఆ కాగితాలకు నాలుగు ఫోన్లొచ్చాయి.

డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలైతే ఇవాళే నింపేస్తారు. కానీ చదివేవాడికి సూది పడినా వినిపించాలి, కాల్ సెంటర్ వాడికి గంటకో క్లయింటు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే వారంలో ఇద్దరూ పోతారు. తెల్లారి ఐదు నుంచి తొమ్మిది దాకా చదువు, తర్వాత ఆఫీసు. ఇదే ఖాయం.

ఆగస్టు 9, శనివారం
కోవర్కింగ్ అనే ఈ వ్యాపారం సరిగ్గా ఇరవై ఏళ్ల కిందట ఇదే తారీఖున పుట్టింది. 2005 ఆగస్టు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ స్పైరల్ మ్యూజ్ అనే చోట వారానికి రెండు రోజులకు గది అద్దెకు తీసుకుని బల్లలు వేశాడు. వైఫై ఉచితం, కలిసి భోజనం, మధ్యలో ధ్యానం కూడా. మొదటి నెల ఒక్కడూ రాలేదు. చదివాక ప్రాణం కాస్త కుదుటపడింది. అయినా ఆయనకు ఎదురైంది మొహమాటమో, తెలియకపోవడమో. ఇక్కడ సంగతి వేరు. మన ఊళ్లో మొదటివాడిగా ఎవడూ రాడు, ముగ్గురైతే వస్తారు.

ఆగస్టు 13, బుధవారం
నిన్న ఫోన్ చేసినావిడది హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, అత్తవారిల్లు ఇక్కడ. మీటింగ్ నడుస్తుంటే గ్యాస్ బండ వస్తుంది, చుట్టాలొస్తారు. కోడలు గదిలో కూర్చుని మాట్లాడుతోంది కాబట్టి ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఇవాళ ఆవిడ రాలేదు, అత్తగారొచ్చారు. బాత్రూం గడియ లాగి చూశారు. కిటికీలోంచి రోడ్డు కనబడుతుందో లేదో చూశారు. "ఆడోళ్లు ఇంకెవరైనా వస్తన్నారా?" అని అడిగారు.

"మీ కోడలు గారే మొదటమ్మా."

"అయితే ఇంకో ఇద్దరొచ్చాక సూద్దాం నాయినా."

రాత్రి కోడలికి ఫోన్ చేసి చెప్పాను: మీ వీధిలోనే ఇంకో ఇద్దరిని తెచ్చుకోండమ్మా, మొదటి నెల ముగ్గురికీ సగమే. ముఖ్యమంత్రి ఫిబ్రవరి 11న ఆడవాళ్లకు ఇంటి నుంచి పని గురించి గట్టిగానే చెప్పారు. ప్రతి పట్టణంలో, మండలంలో ఐటీ ఆఫీసు స్థలాలకు ప్రోత్సాహమన్నారు. మంచిదే. ఆ బాత్రూం గడియ సంగతి మాత్రం ఏ పాలసీలోనూ రాయరు.

ఆగస్టు 18, సోమవారం
ముగ్గురూ వచ్చారు! వాళ్ల వెనకే వడ్డాది నుంచి ఇంకో అమ్మాయి. పదిహేనో తారీఖు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితం కదా, బస్సు డబ్బులు ఇక్కడ కట్టేస్తానంది. ఆ బస్సే విశాఖకూ ఉచితం, జనం అటే పోతారేమోనని భయపడ్డాను. టిక్కెట్టు లేకపోయినా దారి దారే. పోను రాను మూడు గంటలు ఎవరు తిరిగిస్తారు?

ఆగస్టు 28, గురువారం
నిన్న చవితి. స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర కాలు పెట్టే సందు లేదు. మా వీధి పందిరి మైకు సరిగ్గా మా కిటికీకి ఎదురుగా. మా దగ్గర కూర్చునే ఒకరి అమెరికా మేనేజరుకు పాటలన్నీ వినిపించాయట. కమిటీ కుర్రాళ్లకు చందా కాస్త పెంచి ఇచ్చి, స్పీకర్లు చెరువు వైపు తిప్పమన్నాను. పేచీ లేకుండా తిప్పేశారు. అందులో ఇద్దరు మెడికల్ బిల్లింగ్ చేస్తారని అప్పుడే తెలిసింది. రాత్రి షిఫ్టుకి కుర్చీలున్నాయా అని అడిగారు.

అక్టోబరు 5, ఆదివారం
దసరా వెళ్లింది. పగలు ఏడుగురు, రాత్రి నలుగురు, తెల్లవారుజామున పిల్లలు. వడ్డాది అమ్మాయి తప్ప ఒక్కరూ ఒంటరిగా వచ్చినవాళ్లు లేరు; వదినా మరదళ్లు, ఒకే బ్యాచ్ కుర్రాళ్లు, పక్కపక్క ఇళ్లవాళ్లు. కాబట్టి ఇకమీదట ప్రకటనకు పైసా పెట్టను. కొత్తగా ఇద్దరిని తెచ్చినవాళ్లకు ఒక వారం ఉచితం, అంతే.

అద్దె, కరెంటు, నెట్ ఈ నెల సభ్యుల డబ్బుతోనే తీరాయి. ఇంటి ఖర్చు మాత్రం ఇంకా కింద జిరాక్స్ మెషినే చూస్తోంది.