నాలుగు చప్పట్లు.. ఒక ముడుపు

‘జపాన్‌లో పెళ్లిళ్ల దేవుడి గుడి ఉందంటగా! ఓసారి వెళ్లి దణ్ణం పెట్టుకుని రావే..’

అమ్మ పంపిన వాయిస్ మెసేజ్ ఇది. పదకొండు సెకన్లు. పందొమ్మిది రోజుల తర్వాత విన్న అమ్మ గొంతు కూడా ఇదే.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాలుగేళ్లుగా ఒసాకాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏప్రిల్‌లో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడే. కానీ పెళ్లయ్యాక నేను ఉద్యోగం మానేసి రావాలన్నారు. కాదన్నా. ‘నాన్న ఉంటే ఇలా మాట్లాడేదానివా?’ అంది అమ్మ. ‘నాన్న ఉంటే నన్ను ఒక్క మాట అడిగేవారు’ అన్నా. అంతే, ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆమె చేయలేదు, నేనూ చేయలేదు.

అమ్మ చెప్పిన గుడి పేరు ఇజుమో తైషా. షిమానె అనే జిల్లాలో ఉంది. టోక్యో, క్యోటో రీల్స్ చూసి చూసి అలసిపోయిన మనవాళ్లకి ఈ పేరు పెద్దగా తెలీదు. జపాన్‌లో జనం తక్కువున్న జిల్లాల్లో ఇది కింది నుంచి రెండోది. మొత్తం కలిపినా ఏడు లక్షల లోపే! మే నెల రెండో శనివారం ఎవరికీ చెప్పకుండా బయల్దేరా.

ఒసాకా నుంచి ఒకయామా వరకు బుల్లెట్ రైల్లో గంటలోపే. అక్కడ ‘యకుమో’ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. కొండల మధ్య మెలికలు తిరుగుతూ మూడు గంటలు వెళ్తుంది. కడుపులో తిప్పే అలవాటుంటే ముందే మాత్ర వేసుకోండి. కొండలు దాటి ఇజుమో మైదానంలోకి రాగానే కిటికీ పక్కకి జరిగి కూర్చున్నా. కనుచూపు మేర నీళ్లు పెట్టిన వరి మళ్లు. అప్పుడే నాట్లు వేసిన పొలాలు. కాలవ గట్టు మీద కొబ్బరి చెట్లు లేవు గానీ, ఉంటే అది మా ఊరే.

గుడికి వెళ్లే దారి మామూలుగా మెట్లెక్కి పైకి పోతుంది కదా.. ఇక్కడ మాత్రం దారి కిందికి దిగుతుంది. దిగుతుంటే అక్కడక్కడా చిన్న చిన్న రాతి కుందేళ్లు కనిపిస్తాయి. ఒకటి దణ్ణం పెడుతుంటుంది, ఇంకొకటి కూర్చుని పుస్తకం చదువుతుంటుంది. వాటి వెనక ఒక కథ ఉంది.

ఇక్కడి దేవుడు ఒకునినుషి. ఆయన అన్నలంతా యగామి అనే రాకుమారిని పెళ్లాడాలని బయల్దేరారు. మూటలు మోయడానికి తమ్ముణ్ని వెనక రమ్మన్నారు. దారిలో చర్మం ఊడిపోయిన కుందేలు ఏడుస్తూ కనిపించింది. ఉప్పునీళ్లలో మునిగి గాలికి ఆరమని చెప్పి అన్నలు నవ్వుకుంటూ పోయారు. దాంతో మంట ఇంకా ఎక్కువైంది. వెనకొచ్చిన తమ్ముడు మాత్రం ఆగి ‘ఎందుకేడుస్తున్నావ్?’ అని అడిగాడు. మంచినీళ్లతో కడుక్కుని రెల్లులాంటి మొక్క పుప్పొడిలో దొర్లమన్నాడు. గాయం మానింది. అక్కడ రాకుమారి ఏం చేసిందో తెలుసా? ‘మీ ఎవ్వర్నీ చేసుకోను, ఒకునినుషినే చేసుకుంటా’ అని అన్నల మొహం మీదే చెప్పేసింది.

కుందేలు బొమ్మ పక్కన అలాగే నిలబడిపోయా. అడిగినవాడు గెలిచాడు. అడిగితే చెప్పగలిగిన పిల్ల తనకి కావలసింది చెప్పింది. పెళ్లిళ్ల దేవుడి కథ ఇదని అమ్మకి ఎవరు చెప్తారు?

ఇప్పుడున్న ప్రధాన ఆలయం 1744లో కట్టింది. ఎత్తు 24 మీటర్లు. లోపలికి మనల్ని పంపరు, కంచె బయటి నుంచే దణ్ణం. పూర్వం ఇది 48 మీటర్ల ఎత్తుండేదని చెప్తారు. కట్టుకథ అనుకునేవాళ్లకి 2000 సంవత్సరంలో తవ్వకాల్లో సమాధానంలాంటిది దొరికింది. మూడు దేవదారు దుంగల్ని ఒక్కటిగా కలిపి నిలబెట్టిన స్తంభం అడుగుభాగం.. అడ్డకొలత సుమారు మూడు మీటర్లు! ఆవరణ పక్కనే ఉన్న మ్యూజియంలో ఆ దుంగల్ని చూడొచ్చు.

ఇంకో మండపం ముందు వరిగడ్డితో పేనిన తాడు వేలాడుతుంటుంది. పొడవు పదమూడు మీటర్లకి పైనే, బరువు ఐదు టన్నులు. గడ్డిమోపు కట్టడానికి నాన్న అరచేతుల మధ్య తాడు పేనుతుంటే పక్కన కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. కళ్లు తుడుచుకుని ఫొటో తీసుకున్నా.

చాలా గుళ్లలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు. ఇక్కడ నాలుగు చప్పట్లు. పెట్టెలో ఐదు యెన్‌ల బిళ్ల వేశా. మధ్యలో చిల్లు ఉంటుంది దానికి. ఐదు యెన్‌లని జపనీస్‌లో ‘గోఎన్’ అంటారు. బంధం అనే మాటా అలాగే పలుకుతుంది. అందుకే గుడికి ఆ బిళ్లే తీసుకెళ్తారు. పెళ్లి గురించి ఏం మొక్కాలో తోచలేదు. ‘అమ్మ ఫోన్ ఎత్తాలి’ అనుకున్నా.

బయట చిన్న హోటల్లో ఇజుమో సోబా తిన్నా. గుండ్రటి ఎర్ర గిన్నెలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి ఇస్తారు. పొట్టుతో సహా పిండి పట్టడం వల్ల ఈ నూడుల్స్ నల్లగా ఉంటాయి. పులుసు పై గిన్నెలో పోసుకుని తిని, మిగిలింది కింది గిన్నెలోకి వంపుకోవాలి. వడ్డించిన బామ్మ ‘పెళ్లి కోసం వచ్చావా?’ అంది. ‘మా అమ్మ పంపింది’ అన్నా. ఆమె నవ్వి ‘ఇక్కడ కట్టే ముడి పెళ్లిది ఒక్కటే కాదమ్మా. స్నేహానిదీ, పనిదీ, తల్లీపిల్లలదీ కూడా. మా అబ్బాయి ఒసాకాలోనే ఉంటాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు’ అంది. మర్నాడు ఆదివారం.

సాయంత్రం చిన్న రైల్లో గంట ప్రయాణం చేసి మత్సుఎ చేరా. షింజి సరస్సు ఒడ్డున జనం సూర్యాస్తమయం కోసం కూర్చుని ఉన్నారు. అక్కడ ఏడయింది, మన దగ్గర మూడున్నర. వీడియో కాల్ చేశా. రెండో రింగుకే ఎత్తింది.

ఏం మాట్లాడాలో తెలీక ఫోన్ సరస్సు వైపు తిప్పా. ‘ఆ నీళ్ల మధ్య చెట్లేంటే?’ అంది. అది యోమెగషిమ, కోడలి దీవి. అత్త పెట్టే బాధలు పడలేక ఒక కోడలు గడ్డకట్టిన సరస్సు మీద నడిచి వెళ్తుంటే మంచు పగిలి మునిగిపోయిందనీ, ఆమె మీద జాలితో ఆ దీవి పైకి లేచిందనీ ఒక కథ. చెప్పా.

‘ఎక్కడికి వెళ్తోందే ఆ పిల్ల?’
‘పుట్టింటికమ్మా.’

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ‘మరి నువ్వెప్పుడొస్తావే?’ అంది. గొంతు మామూలుగా లేదు. ‘ద్వారకా తిరుమల వెంకన్నకి ముడుపు కట్టా.’
‘నా పెళ్లికా?’
‘కాదే పిచ్చిదానా! నువ్వు నాతో మాట్లాడాలని.’

మర్నాడు పొద్దున 1611 నాటి మత్సుఎ కోట చూసి, 1890లో ఇక్కడికి ఇంగ్లిష్ పాఠాలు చెప్పడానికొచ్చిన రచయిత లాఫ్కాడియో హెర్న్ ఇంటికి వెళ్లా. మొదటి భర్త వదిలేసి పోయిన సెత్సు ఆయనకి తోడైంది. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. ఇద్దరికే అర్థమయ్యే జపనీస్ ఒకటి తయారుచేసుకుని, అందులోనే ఆమె కథలు చెప్పింది. వాటిని ఆయన ప్రపంచానికి చెప్పాడు. నాకూ అమ్మకీ ఉన్నది ఒకటే భాష. అయినా పందొమ్మిది రోజులు!

చివరగా కోట కందకంలో పడవ ఎక్కా. వంతెనలు తక్కువ ఎత్తులో ఉన్నచోట పడవ పైకప్పు కిందికి దిగుతుంది, మనం తల వంచుకోవాలి. అలా వంగి ఉన్నప్పుడే ఫోన్ మోగింది. అమ్మ. ఇంకో బయోడేటా పంపింది!

విసుగొచ్చింది. వంతెన దాటి తలెత్తాక చూస్తే కింద ఇంకో లైను ఉంది.

‘నీకేమనిపిస్తోందో చెప్పు. నువ్వు చెప్పాకే వాళ్లతో మాట్లాడతా.’

పర్సులో ఇంకో ఐదు యెన్‌ల బిళ్ల ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ ముడుపులో వేయాలి.