గంపగుత్త కాసులు

పాత నాణేలు సేకరించే అలవాటున్న వారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రలోభం ఒకటుంది. ఒక్కొక్క కాసునూ ఏరి, బేరమాడి, పొట్లం కట్టించుకునే ఓపిక సన్నగిల్లిన వేళ, “ఈ చిల్లర బేరాలెందుకు, సంచీకి సంచీ తీసుకోండి, దొరికింది మీ అదృష్టం” అనే వర్తకుడు తారసపడతాడు. ఎంచుకునే వీలు లేదు. కిలోల లెక్కన గంపగుత్తగా కొనాలి. మామిడితోటను పూత మీద గుత్తకు తీసుకోవడం వంటి వ్యవహారమిది. అయితే తోటలో కాయ ఇంకా పుట్టలేదు గనుక దాని సంగతి అమ్మేవాడికీ కొనేవాడికీ సమానంగానే తెలియదు. సంచీలోని కాసుల మాటేమిటి? అవి పుట్టి ఎన్నో ఏళ్ళయింది. ఈలోగా ఎన్ని చేతులు వాటిని తడిమి చూశాయో!

నన్ను ఊరించిన సంచీ పది కిలోలది. సూర్యాపేట వైపు పల్లెల్లో పాత రాగి, ఇత్తడి సామాను కొని పట్నానికి చేరవేసే వర్తకుడొకడు కిలో 1,800 రూపాయలన్నాడు. మూతి విప్పి పైపొర మాత్రం చూడనిచ్చాడు. విక్టోరియా బొమ్మ ఉన్న కాణీలు, అంటే రూపాయిలో అరవైనాలుగో వంతులు. ఎడ్వర్డు, జార్జి చక్రవర్తుల కాణీలు. యుద్ధకాలంలో లోహం పొదుపుకోసం నడుమ బెజ్జం పెట్టి 1943 నుంచి 1947 దాకా ముద్రించిన చిల్లికాణీలు. వాటి మధ్య అక్కడక్కడ నిజాం సర్కారు వారి రెండు పైల బిళ్ళలు. అన్నిటి మీదా పచ్చని చిలుము. చూడగానే చేతులు దురద పుట్టిన మాట వాస్తవం.

నిర్ణయానికి ముందు లెక్క వేయడం ఉత్తమం కదా. 1906కు పూర్వపు రాగి కాణీ తూకం 6.48 గ్రాములు, ఆ తరువాతి కంచు కాణీ 4.86 గ్రాములు. చిన్నవాటిని పక్కన పెట్టి, ఈ రెండు రకాలూ తూకంలో చెరిసగం ఉన్నాయనుకుంటే పది కిలోలకు దాదాపు 1,800 కాసులు. ఒక్కొక్కటి పది రూపాయలు పడుతుంది. అది పెద్ద మొత్తం కాదు. కాసుకు రెండు నిమిషాల చొప్పున చూపు నిలిపినా అరవై గంటలు కావాలి. రోజుకొక గంట కేటాయిస్తే రెండు నెలలు. అంటే నేను నిజంగా చెల్లించబోయేది పద్దెనిమిది వేలు కాదు, రెండు నెలల సాయంత్రాలు. వాటికి బదులుగా ఏమి దొరుకుతుంది?

ఇక్కడే ఆశ తన మాయ చూపుతుంది. అడుగున ఎక్కడో ఒక వెండి రూపాయి దాగి ఉండవచ్చు కదా! ఉండదు. 1939 వరకు మన రూపాయిలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు ఇతర లోహం. 1940 నుంచి సగమే వెండి. ఈ సంగతి పాత సామాను కొనే ప్రతివాడికీ కంఠస్థమే. 1911 నాటి రూపాయి కథ కూడా వాళ్ళకు తెలుసు. అయిదవ జార్జి అంగీ మీది ఏనుగు పందిలా కనబడుతున్నదన్న అలజడితో, ముద్రించిన వాటిలో చాలా భాగాన్ని మళ్ళీ కరిగించి మరుసటి ఏడు బొమ్మ మార్చారు. అటువంటిది ఒకటి చేతిలో పడితే ఎవరు గోతాంలోకి జారవిడుస్తారు? ఇంటివారు ఏరగా మిగిలింది సామాను వాడికి, వాడు ఏరగా మిగిలింది టోకు వర్తకుడికి, ఆయన ఏరగా మిగిలింది నాకు. మూడు జల్లెడలు దాటి వచ్చిన తవుడులో నూకలు వెదకబోతున్నానన్నమాట.

పైగా ఈ ఆశ చుట్టూ పెరిగిన కలుపు ఇంతా అంతా కాదు. బియ్యపు గింజలను ఆకర్షిస్తుందంటూ రాగి బిళ్ళను లక్షలకు అంటగట్టే ‘రైస్ పుల్లింగ్’ మోసాలు మన రెండు రాష్ట్రాల్లోనూ కొత్త కావు. ఒకవైపు దేవుళ్ళ బొమ్మలు, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే అంకె వేసిన ఇత్తడి బిళ్ళలు సంతల్లో కుప్పలుగా దొరుకుతాయి; కంపెనీ టంకశాలలు అటువంటివి ముద్రించనే లేదు. పాత నాణేల క్రయవిక్రయాల్లో తన పేరు వాడుకుని రుసుములు గుంజుతున్నారని 2021లో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. నిధి దొరుకుతుందన్న భ్రమే వీటన్నిటికీ పెట్టుబడి.

సరే, లాభం మాట వదిలేద్దాం. నా మట్టుకు నేను లాభంకోసం ఈ వ్యసనంలో పడలేదు. చిలుము కింద నుంచి మెల్లగా ఒక సంవత్సరం బయటపడుతుంటే కలిగే సంతోషానికి వెల కట్టలేము. రాణి అని ఉంటే 1876 వరకు వచ్చినది, చక్రవర్తిని అని ఉంటే 1877 నుంచి వచ్చినది అని పోల్చుకోవడంలోని ఆనందం అనుభవించినవారికే తెలుస్తుంది. (చింతపండుతో తోమి బిందెలా మెరిపించే మిత్రులకు ఒక మనవి: ఆ మెరుపుతో పాటు కాసు వయసూ, విలువా కూడా కడిగిన నీళ్ళలో పోతాయి.) ఈ సంతోషంకోసమైనా సంచీ కొనవచ్చు గదా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను.

అప్పుడు గుర్తుకు వచ్చింది కోటిలింగాల. గోదావరి ఒడ్డున, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఆ ఊరి మట్టిలో దొరికిన చిన్నచిన్న నాణేల మీద గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు చదివారు. వారు శాతవాహనులకు ముందు ఆ ప్రాంతాన్ని ఏలినవారని చరిత్రకారుల నిర్ణయం. అక్కడే చిముకుని నాణేలూ దొరికాయి. ఆయనే శాతవాహన వంశ స్థాపకుడని పలువురు పండితుల అభిప్రాయం. శాతవాహనుల తొలి నెలవు ఎక్కడన్న పాత వాదం ఆ కాసులతో కొత్త మలుపు తిరిగింది. వాటికి ఆ శక్తి ఎక్కడిది? లోహంలోనిది కాదు, ఊరి పేరులోనిది. అవే కాసులు ఎవరో ఏరి, వేరే చోటివాటితో కలిపి, సంచీలో పోసి నగరంలో తూకానికి అమ్మి ఉంటే, వాటి మీద పేర్లు మిగిలేవి గాని, ఆ పేర్లవారు ఎక్కడ ఏలారో చెప్పే సాక్ష్యం మిగిలేది కాదు.

మట్టిలో దొరికినవాటి సంగతి వేరు; వాటిని కొనడం నా ఆలోచనలోనే లేదు. నేలలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే అవుతుందనీ, వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలనీ, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించరాదనీ 1972 నాటి చట్టం. కాని కోటిలింగాల చెప్పే పాఠం ఇంటి అటక మీది చెంబుకూ వర్తిస్తుంది. ఒకే ఇంటివారు ఒకే పాత్రలో దాచుకున్న కాసులు ఒక వాక్యం వంటివి. వాటిలో అన్నిటికంటే ఆఖరుది ఏ సంవత్సరానిదో, ఆ ఏటికి ముందు ఆ పాత్ర మూత పడలేదని ఖాయంగా చెప్పవచ్చు. నాలుగిళ్ళ చెంబులను ఒక్క సంచీలో గుమ్మరించడమంటే నాలుగు వాక్యాల్లోని అక్షరాలను కలగలపడమే. అక్షరాలన్నీ ఉంటాయి, అర్థముండదు.

కనుక వర్తకుణ్ణి అడగవలసినది ఇందులో ఏముంది అని కాదు, ఇవి ఎక్కడివి అని. అడిగాను. “గివి ఒక్క ఇంటియి కావు సారూ, నాలుగు దిక్కులకెళ్ళి వచ్చినయి” అన్నాడు నిజాయితీగా. మరి కలపనివి ఏమైనా ఉన్నాయా అంటే కాస్త వింతగా చూసి, లోపలి నుంచి ఒక గుడ్డమూట తెచ్చాడు. కిలోన్నరకు మించదు. మునగాల వైపు ఒక ఇంట్లో బిందెలు కొంటుంటే కంచుచెంబుతో సహా ఇచ్చారట. “దీంట్ల ఏం లేదు సారూ, అన్నీ అరిగినయే” అని ఆయనే నన్ను వారించబోయాడు. పెద్ద సంచీ ధరకే, అంటే 2,700 రూపాయలకు, ఆ మూట తీసుకున్నాను. ఊరి పేరు, ఆ చెంబు సంగతి ఒక కాగితం మీద ఆయన చేతనే రాయించుకున్నాను.

మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉండగా నడుమ ఇంగ్లీషువారి ఏలుబడిలో కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. నిజాం హాలీ సిక్కా, ఇంగ్లీషువారి కల్దార్ రెండూ ఒకే చెంబులో చేరడానికి అంతకంటే తగిన చోటు ఉండబోదు. సంచీలో చూసినప్పుడు ఆ కలయిక వర్తకుడి పనితనం. ఇక్కడ అది ఒక ఇంటి సంత బేరాల చరిత్ర. అన్నీ చూడడానికి పది సాయంత్రాలు చాలాయి. కల్దార్ కాసుల్లో ఆఖరుది 1945 నాటి చిల్లికాణీ. హాలీ కాసుల్లో ఆఖరుది హిజ్రీ 1366 నాటి రెండు పైల బిళ్ళ, అంటే ఇంచుమించు 1947. ఆ తరువాతిది ఒక్కటీ లేదు. 1957లో వచ్చిన నయాపైసా జాడే లేదు. ఆ రోజుల్లో ఆ ప్రాంతం ఎంత అట్టుడికిందో మనందరికీ తెలుసు. దాన్నిబట్టి ఆ ఇంటికొక కథ అల్లడం నా పని కాదు. దాచిన చెయ్యి ఆగిపోయి ఉండవచ్చు, దాచుకునేది నోట్లలోకి మారి ఉండవచ్చు. కాని ఆ ప్రశ్న అడగడానికి నాకొక ఆధారముంది. పది కిలోల సంచీలో అదే బిళ్ళ దొరికి ఉంటే కేవలం అరిగిన రాగిముక్క.

గంపగుత్తగా కొనాలనుకునే మిత్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. కాలక్షేపానికైతే నిరభ్యంతరంగా కొనండి. ఖర్చు మీ సాయంత్రాలేనని ముందే రాసిపెట్టుకోండి. నిధికోసమైతే మానండి, మీకు ముందే మూడు జల్లెడలు ఆడాయి. ఇక చరిత్ర మీద మక్కువతోనైతే, పెద్ద సంచీ వదిలి చిన్న మూట అడగండి. అందులో ఏమీ లేదని వర్తకుడు అన్నా సరే, అది ఏ ఊరిదో మాత్రం ఆయనకు గుర్తుండగానే రాయించుకోండి.